ఫైలు ఉంది, చదివేదెవరు?

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. కొట్టుకొచ్చి కొనేవాళ్లకు కాయితం బిల్లు, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు పీడీఎఫ్ బిల్లు. ఆ పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రాం రాసింది వడ్డేశ్వరంలోనో నీరుకొండలోనో ఇంజనీరింగ్ చదివిన ఒక అమ్మాయి. ఆమె లాప్‌టాప్‌లో బిల్లు ముచ్చటగా వచ్చింది. పైన మండలి ఫాంటులో దుకాణం పేరు, కింద నిజాం అంచు నూలు చీర, పక్కన ధర. ప్రోగ్రాంను కంటైనర్‌లో పెట్టి సర్వర్‌కు ఎక్కించారు. అక్కణ్నుంచి వచ్చిన మొదటి బిల్లులో ధరలు బాగానే ఉన్నాయి, ఇంగ్లిష్ అక్షరాలూ బాగానే ఉన్నాయి. తెలుగు ఉండాల్సిన ప్రతిచోటా మాత్రం ఖాళీ డబ్బాలు వరసగా నిలబడ్డాయి.

ఆమె సర్వర్‌లోకి లాగిన్ అయి చూసింది. మండలి ఫాంటు ఫైలు ఉంది. ఏ భాషకు ఏ ఫాంటు వాడాలో చెప్పే సెట్టింగుల ఫైలు కూడా /ఈటీసీ/ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంది. దాన్ని తెరిచి, తెలుగుకు మండలిని ముందు వరసలో పెట్టి, ప్రోగ్రాంను మళ్లీ నడిపింది. డబ్బాలు పోలేదు. ఫైల్లో ఎక్కడో ఒక కామానో కోటేషనో తప్పిందేమోనని ఒక పూటంతా వెతికింది. తప్పేమీ దొరకలేదు, ఎందుకంటే తప్పు అందులో లేదు. ఆ ప్రోగ్రాం ఆ ఫైలును అసలు చదవడమే లేదు.

కంటైనర్లతో పనిచేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పూట ఒకటి ఎదురవుతుంది. తెలివితక్కువతనం దీనికి కారణం కానేకాదు. "ఫైలు ఎక్కడుంది?" అని అడగడం మనకు అలవాటు. కంటైనర్ల లోకంలో అది సగం ప్రశ్న. ఎవరు చూస్తే ఎక్కడ కనబడుతోంది అన్నది కలిపితేనే ప్రశ్న పూర్తవుతుంది.

రామాలయం వీధి, మూడో ఇల్లు

కృష్ణా డెల్టాలో రామాలయం లేని పల్లె అరుదు, అది ఉండీ దాన్ని ఆనుకుని రామాలయం వీధి లేని పల్లె ఇంకా అరుదు. ఉత్తరం మీద "రామాలయం వీధి, మూడో ఇల్లు" అని మాత్రమే రాస్తే అది చిరునామా అవుతుందా? ఊళ్లో ఉన్నవాడికి అవుతుంది. ఆ ఊరి పోస్ట్‌మాన్ కళ్లు మూసుకుని ఇచ్చి వస్తాడు. పక్క ఊళ్లో అదే చిరునామాకు ఇంకో ఇల్లుంటుంది, ఇంకో కుటుంబం ఉంటుంది. చిరునామాలో తప్పు లేదు, ఊరి పేరు లేదు.

/ఈటీసీ/ఫాంట్స్ అన్నది అచ్చంగా అలాంటి చిరునామా. మొదట్లో ఉన్న గీతకు అర్థం "మూలం నుంచి" అని. ఎవరి మూలం నుంచి? యూనిక్స్ పుట్టిన తొలి రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. ఒక యంత్రానికి ఒకటే మూలం, అందులో నడిచే ప్రతి ప్రోగ్రాంకూ అదే. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్‌లో సీహెచ్‌రూట్ అనే సదుపాయం చేరింది. ఒక ప్రోగ్రాంకు ఏదో ఒక ఫోల్డర్‌ను చూపించి "నీకు మూలం ఇదే" అని నమ్మించవచ్చు. 2000లో ఫ్రీబీఎస్‌డీ దాన్ని గట్టి గోడలున్న జైలుగా పెంచింది. 2002లో లినక్స్ 2.4.19 కెర్నెల్ మౌంట్ నేమ్‌స్పేస్‌లు తెచ్చింది. అప్పటినుంచి ఒకే యంత్రంలో ఒక్కో ప్రోగ్రాంకు ఫైళ్ల పటం వేరేగా గీసి ఇవ్వడం సాధ్యమైంది. ఈ ముక్కలన్నీ నిపుణుల చేతుల్లో చాలాకాలం విడివిడిగా ఉండిపోయాయి. 2013 మార్చిలో శాంటాక్లారాలో జరిగిన పైకాన్ సభలో సాలమన్ హైక్స్ ఒక చిన్న ప్రసంగంలో డాకర్ అనే కంటైనర్ల సాధనాన్ని పరిచయం చేశాడు. ఆ తర్వాతే ఇవన్నీ కలిసి మామూలు ప్రోగ్రామర్ చేతికి వచ్చాయి.

కంటైనర్ అంటే యంత్రంలో ఇంకో యంత్రం అనుకుంటారు చాలామంది. లినక్స్‌లో అది మామూలు ప్రోగ్రామే. అదే కెర్నెల్ మీద, పక్కవాటితోపాటే నడుస్తుంది. దానికి ఇచ్చిన ఫైళ్ల పటం మాత్రం వేరు. మన ఇంజనీరు సర్వర్‌లోకి లాగిన్ అయి మార్చింది సర్వర్ పటంలో ఉన్న /ఈటీసీ/ఫాంట్స్‌ను. బిల్లు ప్రోగ్రాం చూసేది తన పటంలో ఉన్న /ఈటీసీ/ఫాంట్స్‌ను. రెండూ నిజమైన ఫైళ్లే, రెండిటి పేరూ ఒకటే.

ఆ సర్వర్ మంగళగిరి ఐటీ పార్కులోని పై డేటా సెంటర్స్‌లో ఉన్నా, 2022లో మొదలైన అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో ఉన్నా కంటైనర్‌కు కనబడే పటం మారదు. అసలు కంటైనర్లకు అంత ఆదరణ రావడానికి కారణమే అది. ఒకచోట నడిచింది ఇంకోచోటా అలాగే నడవాలంటే బయటి లోకం లోపలికి కనబడకూడదు. ఆమె లాప్‌టాప్‌లో ఉన్న మండలి ఫాంటు కూడా ఆ బయటి లోకంలో భాగమే.

పొరల మీద పొరలు

ఈ సంగతి అర్థమయ్యాక ఆమె కంటైనర్ లోపలికే వెళ్లింది. డాకర్ ఎగ్జెక్ అనే ఆదేశం ఇస్తే కంటైనర్ పటాన్ని దాని కళ్లతోనే చూడవచ్చు. లోపల తెలుగు ఫాంటు ఒక్కటి కూడా లేదు. మండలిని లోపలికి కాపీ చేసి, సెట్టింగు మార్చింది. డబ్బాలు మాయమై అక్షరాలు వచ్చాయి. రెండు రోజుల తర్వాత ప్రోగ్రాం కొత్త వెర్షన్ ఎక్కించారు. డబ్బాలు తిరిగొచ్చాయి.

కంటైనర్‌కు కనబడే ఫైళ్లు ఒకే పెట్టెలో ఉండవు, పొరలుగా ఉంటాయి. అడుగున డెబియన్ లాంటి మూల వ్యవస్థ, దానిమీద భాష తాలూకు సరంజామా, దానిమీద మన ప్రోగ్రాం. ఇవన్నీ కలిస్తే ఇమేజ్. ఇమేజ్ పొరల్లో వేటినీ మార్చడానికి వీల్లేదు. కంటైనర్ మొదలైనప్పుడు అన్నిటికీ పైన రాయడానికి వీలున్న పల్చటి పొర ఒకటి వేస్తారు. 2014 డిసెంబర్‌లో వచ్చిన లినక్స్ 3.18 నుంచి కెర్నెల్‌లోనే ఉన్న ఓవర్లేఎఫ్ఎస్ ఈ పొరలను కలిపి ఒకే చెట్టులా చూపిస్తుంది. ఒకే పేరున్న ఫైలు రెండు పొరల్లో ఉంటే పైదే కనబడుతుంది. కింది ఫైలును మారిస్తే అది మారదు. దాని నకలు పై పొరలోకి వచ్చి, మార్పు ఆ నకలులో పడుతుంది. ఫైలును తుడిచేసినా అంతే. కింది ఫైలు ఉన్నచోటే ఉంటుంది, పై పొరలో "ఇక్కడేమీ లేదు" అని చెప్పే గుర్తు ఒకటి వెలుస్తుంది.

ఆమె లోపల చేసిన మార్పులన్నీ ఆ పల్చటి పొరలో పడ్డాయి. కంటైనర్‌ను ఆపి మళ్లీ నడిపితే ఆ పొర నిలుస్తుంది. దాన్ని తీసేసి కొత్త ఇమేజ్‌తో ఇంకోటి మొదలుపెడితే పాతదానితోపాటే పొర పోతుంది. నిలవాలంటే మార్పును ఇమేజ్ తయారీలోనే, అంటే డాకర్‌ఫైల్లోనే రాయాలి. డెబియన్‌లో ఫాంట్స్-టెలు అనే ప్యాకేజీ ఉంది. దాని తోడుగా ఉన్న ఎక్స్‌ట్రా ప్యాకేజీలో పోతన, వేమన ఫాంటులు వస్తాయి. డాకర్‌ఫైల్లో ఒక్క వరస చేరిస్తే ఆ ఇమేజ్ ఎక్కడికెళ్లినా దానితోపాటు తెలుగు వెళ్తుంది.

ఇల్లు మారిన ప్రోగ్రాం

మండలి ఆ ప్యాకేజీలో దొరక్కపోతే ఫైలుగా కాపీ చేయాలి. ఎక్కడికి? లాప్‌టాప్‌లో ఆమె ఫాంటులను తన హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే .ఫాంట్స్ అనే దాచిన ఫోల్డర్‌లో పెట్టుకునేది. ఇమేజ్‌లోనూ అలాగే పెట్టింది. ఇమేజ్ తయారయ్యేటప్పుడు యూజర్ రూట్ కాబట్టి ఫాంటు /రూట్ కింద చేరింది. పరీక్షలో అక్షరాలు వచ్చాయి, సర్వర్ మీద రాలేదు.

భద్రత కోసం సర్వర్ మీద ప్రోగ్రాంను రూట్‌గా నడపరు. ఉదాహరణకు, జావాస్క్రిప్ట్ ప్రోగ్రాంలు నడిపే నోడ్ తాలూకు అధికారిక ఇమేజ్‌లో నోడ్ అనే పేరుతోనే ఒక మామూలు యూజర్ ఉంటాడు, అతని ఇల్లు /హోమ్/నోడ్. అతనిగా నడిచే ప్రోగ్రాం "నా హోమ్ ఫోల్డర్" అంటే అక్కడికే చూస్తుంది. రూట్ ఇంట్లోకి తొంగి చూసే అనుమతి కూడా సాధారణంగా అతనికి ఉండదు. యూజర్ పేరుకు బదులు ఒక అంకె మాత్రమే ఇచ్చి నడిపితే, ఆ అంకెకు లోపల నమోదు లేకపోతే, డాకర్ అతని ఇంటిని మూలం దగ్గరే పెట్టేస్తుంది. ఇలా హోమ్ ఫోల్డర్‌ను సూచించే అల గుర్తు మూడు సందర్భాల్లో మూడు చోట్లకు తీసుకెళ్తుంది.

ఫాంటులను వెతికి పెట్టే ఫాంట్‌కాన్ఫిగ్ సాఫ్ట్‌వేర్‌ను కీత్ ప్యాకర్డ్ రాశాడు. అది యూజర్ ఇంటితోపాటు అందరికీ ఉమ్మడిగా ఉండే /యూఎస్‌ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్‌ను కూడా చూస్తుంది. మండలిని అక్కడ పెడితే ఎవరుగా నడిచినా దొరుకుతుంది. కంటైనర్‌లో హోమ్ ఫోల్డర్ మీద ఆధారపడే ఏ సెట్టింగునైనా అనుమానంగానే చూడాలి.

కప్పేసే మౌంట్‌లు

సెట్టింగు మారిన ప్రతిసారీ ఇమేజ్ మళ్లీ కట్టడం విసుగు. అందుకని సర్వర్ మీది ఫైలును నేరుగా కంటైనర్ పటంలోకి అతికించే పద్ధతి ఉంది. దాన్ని బైండ్ మౌంట్ అంటారు. చాలా ఉపయోగపడే పద్ధతి ఇది, ఎక్కువ తికమక పెట్టేది కూడా ఇదే. మూడు చిక్కులు తరచుగా వస్తాయి.

మొదటిది: అతికించమన్న ఫైలు బయట లేకపోతే? హైఫన్-వీ అనే పొట్టి పద్ధతిలో అడిగితే డాకర్ ఏమీ అనకుండా ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ సృష్టిస్తుంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా చాలు, ఫైలు ఉండాల్సిన చోట ఫోల్డర్ వెలుస్తుంది. అదృష్టం బాగుంటే ఫైలు మీద ఫోల్డర్‌ను అతికించలేనంటూ కంటైనర్ ఆగిపోతుంది. లోపల ఆ పేరున్న ఫైలు లేకపోతే ఆగకుండా నడిచిపోతుంది, సెట్టింగులు మాత్రం అందవు. హైఫన్-హైఫన్-మౌంట్ అనే పొడుగు పద్ధతి వాడితే ఫైలు లేదని ముందే చెప్పి ఆపుతుంది. టైపు చేయడానికి నాలుగు అక్షరాలు ఎక్కువైనా ఇదే మేలు.

రెండోది: ఒక్క ఫైలునే అతికించినప్పుడు వచ్చేది. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు పాత ఫైలులో రాయవు. కొత్త ఫైలు రాసి, దానికి పాత పేరు పెడతాయి. మౌంట్ మాత్రం మొదట పట్టుకున్న పాత ఫైలునే పట్టుకుని ఉంటుంది. బయట కొత్త వరసలు కనబడతాయి, లోపల పాతవే. ఫైలును కాకుండా అది ఉన్న ఫోల్డర్‌ను అతికిస్తే ఈ చిక్కు తప్పుతుంది.

మూడోది: వాల్యూమ్‌ల సంగతి. డాకర్ సొంతంగా చూసుకునే నిల్వకు వాల్యూమ్ అని పేరు. ఖాళీ వాల్యూమ్‌ను ఒక ఫోల్డర్ మీద మొదటిసారి పెట్టినప్పుడు, ఇమేజ్‌లో ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు దాంట్లోకి కాపీ అవుతాయి. అది మొదటిసారి మాత్రమే. ఆరు నెలల తర్వాత ఇమేజ్‌లో కొత్త సెట్టింగులు పెట్టినా, వాల్యూమ్‌లోని పాత ఫైళ్లు వాటిని కప్పేస్తాయి. ఇమేజ్ కొత్తది, సెట్టింగు పాతది. ఇమేజ్‌ను ఎంత పరీక్షించినా తప్పు దొరకదు.

విండోస్ లాప్‌టాప్ ఉన్నవాళ్లకు

విండోస్ లాప్‌టాప్ మీద కంటైనర్లు నేర్చుకునే విద్యార్థికి ఇంకో పొర అదనం. అక్కడ డాకర్ డెస్క్‌టాప్ ముందు డబ్ల్యూఎస్ఎల్ 2 ద్వారా ఒక లినక్స్‌ను నడుపుతుంది, ఆ లినక్స్‌లో కంటైనర్లు నడుస్తాయి. విండోస్‌కు ఒక పటం, లోపలి లినక్స్‌కు ఇంకోటి, కంటైనర్‌కు మరోటి. వాల్యూమ్‌లు /వార్/లిబ్/డాకర్ కింద ఉంటాయని పాఠంలో చదివి సీ డ్రైవ్ అంతా వెతికినా కనబడవు. అవి ఉన్నది మధ్యలో ఉన్న లినక్స్ పటంలో.

డాకర్ సొంత సెట్టింగులే చూడండి. సేవను నడిపే డేమన్ తన సెట్టింగులను మామూలు లినక్స్‌లో /ఈటీసీ/డాకర్ నుంచి చదువుతుంది. రూట్ లేకుండా నడిపితే యూజర్ ఇంట్లోని .కాన్ఫిగ్ ఫోల్డర్ నుంచి, డాకర్ డెస్క్‌టాప్‌లో అయితే యూజర్ ఇంట్లోని .డాకర్ ఫోల్డర్ నుంచి చదువుతుంది. అదే .డాకర్ ఫోల్డర్‌లో, మనం ఆదేశాలు టైపు చేసే క్లయింట్ తాలూకు ఫైలు వేరే ఉంటుంది. ఇమేజ్‌ల నిల్వశాలకు లాగిన్ అయ్యే వివరాల సంగతి అది చూసుకుంటుంది. రెండిటినీ ఒకటే అనుకుని, ఒకదానిలో రాయాల్సింది ఇంకోదానిలో రాసినవాళ్లు ఎందరో.

విండోస్ ఫోల్డర్‌ను కంటైనర్‌లోకి అతికించినప్పుడు అందులోని ఫైళ్లు ఎవరైనా రాయగలిగే అనుమతులతో కనబడవచ్చు. మైఎస్‌క్యూఎల్ అలాంటి సెట్టింగుల ఫైలును నమ్మదు. లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, దాన్ని పక్కనపెట్టి ముందుకు పోతుంది. ఫైలు సరైన చోటే ఉంది, ప్రోగ్రాంకు కనబడింది కూడా, అయినా చదవలేదు. లాగ్‌లో ఆ ఒక్క వాక్యం చూసినవాళ్లకే కారణం తెలుస్తుంది.

ఇన్ని చోట్లు ఎందుకు?

ఈ గజిబిజిని ఎవరూ కావాలని పెట్టలేదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వాడిన పీడీపీ-11 యంత్రంలో మొదటి డిస్క్ నిండిపోతే, వ్యవస్థ ఫైళ్లు రెండో డిస్క్ మీద ఉన్న /యూఎస్‌ఆర్‌లోకి పొంగాయి. ఒకే రకం ఫైళ్లకు రెండు ఫోల్డర్‌లు అలా ఏర్పడ్డాయి. తర్వాత సొంతంగా తెచ్చి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ కోసం /యూఎస్‌ఆర్/లోకల్ వచ్చింది. చుక్కతో మొదలయ్యే ఫైళ్లు కనబడకపోవడం తొలినాళ్లలో ఒక చిన్న ప్రోగ్రాంలో తీసుకున్న అడ్డదారి ఫలితమని రాబ్ పైక్ రాశాడు. ప్రోగ్రాంలన్నీ తమ సెట్టింగులను ఆ చాటున దాచుకోవడం మొదలుపెట్టాయి. 1994లో లినక్స్ ఫైళ్ల అమరికకు ఒక ప్రమాణం రాశారు. 2003లో ఇంటి సెట్టింగులన్నిటినీ .కాన్ఫిగ్ కిందికి తేవాలని ఇంకో ప్రమాణం వచ్చింది. కొన్ని ప్రోగ్రాంలు మారాయి, కొన్ని మారలేదు, కొన్ని పాతచోటా కొత్తచోటా వెతుకుతున్నాయి.

కంటైనర్ ఇమేజ్‌లోకి ఈ చరిత్ర అంతా వస్తుంది. డెబియన్ ప్యాకేజీగా వేసుకున్న పీహెచ్‌పీ తన సెట్టింగులను /ఈటీసీ/పీహెచ్‌పీలో చూస్తుంది. డాకర్ అధికారిక పీహెచ్‌పీ ఇమేజ్ కూడా డెబియన్ మీదే కట్టినది. అందులో పీహెచ్‌పీని మూలం నుంచి కంపైల్ చేస్తారు కాబట్టి చోటు /యూఎస్‌ఆర్/లోకల్/ఈటీసీ/పీహెచ్‌పీ అయింది. పైగా అసలు సెట్టింగుల ఫైలు అక్కడ ఉండదు. అభివృద్ధికి ఒకటి, వాడకానికి ఒకటి, రెండు నమూనాలుంటాయి. మనమే ఎంచుకుని పేరు మార్చాలి.

ఫైళ్లతో ఈ తలనొప్పి ఎందుకని క్లౌడ్ సేవల సంస్థ హెరోకూలో పనిచేసిన ఆడమ్ విగ్గిన్స్ 2011లో ఒక సూత్రం రాశాడు. చోటును బట్టి మారే సెట్టింగులను ఫైళ్లలో కాక, ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు పరిసర చరరాశులుగా (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్) అందించాలన్నాడు. దానివల్ల చాలా మేలు జరిగింది, ఒక కొత్త తికమకా వచ్చింది. కంటైనర్లను కలిపి నడిపే డాకర్ కంపోజ్ తాలూకు ఫైలు పక్కన పెట్టే .ఎన్వ్ ఫైలు కంపోజ్ ఫైల్లోని ఖాళీలు పూరించడానికి. అందులో రాసినంత మాత్రాన విలువ కంటైనర్ లోపలికి చేరదు. చేర్చాలంటే ఆ సంగతి కంపోజ్ ఫైల్లో విడిగా చెప్పాలి.

చరరాశి లోపలికి చేరినా అర్థమవుతుందన్న హామీ లేదు. డాలస్‌లో ఉన్న ఆడపడుచు చలికాలంలో మధ్యాహ్నం రెండింటికి మన దుకాణంలో చీర కొంటే మంగళగిరిలో రాత్రి ఒకటిన్నర. కంటైనర్ గడియారం గ్రీనిచ్ వేళలో ఉంటే బిల్లు మీద నిన్నటి తేదీ పడుతుంది. టీజెడ్ చరరాశిలో ఏషియా/కోల్‌కతా అని పెడితే సరిపోవాలి. ఉబుంటు మూల ఇమేజ్‌లో టైమ్‌జోన్‌ల పట్టిక ఉండదు. ఆ పేరు దొరక్క, ప్రోగ్రాం ఏ ఫిర్యాదూ లేకుండా గ్రీనిచ్ వేళకే జారిపోతుంది.

ప్రోగ్రాంనే అడగాలి

ఇన్ని దారుల్లో ఏది నిజమో ఊహించి తేల్చడం కష్టం. అడిగి తేల్చడం తేలిక. మొదట, ప్రోగ్రాం ఎవరి పటంలో నడుస్తోందో చూడాలి. తర్వాత ఎగ్జెక్‌తో లోపలికి వెళ్లి, అది ఏ యూజర్‌గా నడుస్తోంది, అతని ఇల్లెక్కడ అన్నవి చూడాలి. డాకర్ ఇన్‌స్పెక్ట్‌తో ఏ ఫోల్డర్‌ను ఏ మౌంట్ కప్పిందో చూడాలి. డాకర్ కంపోజ్ కాన్ఫిగ్ అంటే ఖాళీలన్నీ పూరించిన తుది రూపం కనబడుతుంది. చివరగా ప్రోగ్రాంనే అడగాలి. పోస్ట్‌గ్రెస్‌లో షో కాన్ఫిగ్_ఫైల్ అంటే తాను చదివిన ఫైలు పూర్తి చిరునామా చెబుతుంది. ఎన్‌జింక్స్‌కు హైఫన్-పెద్ద టీ ఇస్తే తాను చదివే సెట్టింగులన్నీ, ఏది ఏ ఫైలుదో చెబుతూ ఒలకబోస్తుంది. పీహెచ్‌పీకి హైఫన్-హైఫన్-ఐఎన్ఐ ఉంది. 2016లో గిట్ 2.8 నుంచి ప్రతి సెట్టింగు పక్కనా అది వచ్చిన ఫైలు పేరు చూపించే వీలుంది. తెలుగుకు ఏ ఫాంటు ఎంచుకున్నావని ఎఫ్‌సీ-మ్యాచ్‌తో అడిగితే ఫాంట్‌కాన్ఫిగ్ ఒక్క వరసలో జవాబిస్తుంది. నోరు విప్పని ప్రోగ్రాం అయితే ఎస్‌ట్రేస్‌తో అది తెరవబోయిన ప్రతి ఫైలు పేరునూ కెర్నెల్ దగ్గరే వినవచ్చు.

అయితే వెతికే భారమంతా వాడేవాళ్ల మీదే వేయడం న్యాయం కాదు. ప్రోగ్రాం రాసేవాళ్లు మొదట్లోనే లాగ్‌లో ఒక్క వాక్యం రాయించగలరు: ఏ యూజర్‌గా నడుస్తున్నాను, సెట్టింగులు ఏ ఫైలు నుంచి చదివాను, ఏ ఫైలును చూసి వదిలేశాను, ఎందుకు. అలాంటి వాక్యం బిల్లు ప్రోగ్రాం లాగ్‌లో ఉండి ఉంటే మన ఇంజనీరుకు ఒక పూట మిగిలేది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు, ముఖ్యంగా చిక్కొస్తే అడగడానికి పక్కన పెద్ద నిపుణులు లేనివాళ్లకు, ఆ వాక్యమే గురువు. ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటున్న ప్రతి విద్యార్థీ తన తర్వాతి ప్రోగ్రాంలో ముందుగా ఆ వాక్యం రాయాలి.